రిజిస్ట్రేషన్ రికార్డుల్లో పేరు కొట్టి వెతికే వీలు అందరికీ ఉండాలా?

సైనిక్‌పురి_పద్మ:
సూటిగా అడుగుతున్నాను. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఒక ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల పత్రం) తీయాలంటే డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం తెలియాలి. లేదంటే ఊరు, సర్వే నంబరు, ప్లాట్ నంబరు, ఇంటి నంబరు కొట్టాలి. పేరు కొట్టి వెతికే దారి లేదు. అంటే ఆస్తి ఎక్కడుందో ముందే తెలిసినవాళ్లకే రికార్డు దొరుకుతుంది. తెలియనివాళ్ల సంగతేంటి?

మా నాన్నగారు పోయాక ఆయన పేరున ఎక్కడెక్కడ ఏమున్నాయో మా అక్కచెల్లెళ్లకి ఎవరూ చెప్పలేదు. ఉంటున్న ఇల్లు తెలుసు. నాచారం వైపు ఒక ప్లాటు ఉందని అమ్మ అంటూండేది, నంబరు ఆవిడకీ తెలియదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే కౌంటర్లో ఆయన తల ఎత్తకుండానే “షెడ్యూల్ తీసుకురామ్మా” అన్నాడు. ఆ షెడ్యూల్, అంటే ఆస్తి నంబర్లూ హద్దులూ ఉన్న కాగితం అన్నయ్య బీరువాలో ఉంది. రికార్డు ప్రజలదైతే పేరుతోనూ వెతకనివ్వాలి. మీరేమంటారు?

బోయిన్‌పల్లి_పెద్దన్న:
వద్దు మేడమ్. పేరు కొట్టంగనే మనిషి ఆస్తి చిట్టా మొత్తం బయటపడితే ఇంక ఆ మనిషికి ఏం మిగుల్తది? బ్రోకర్లు, లోన్ యాప్‌లోళ్లు, చందాలోళ్లు అందరు ఇంటి ముంగట నిలబడతరు. 2018ల పెద్దపల్లి జిల్లాల ఏమైందో యాది చేసుకోండ్రి. సిమ్ కార్డులమ్మేటోడు మన రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకొని, అండ్ల ఉన్న వేలిముద్రలతోని రబ్బరు ముద్రలు చేసిండు. రికార్డు తెరిచి పెడితే గిట్లనే అయితది.

కూకట్‌పల్లి_కిరాయిదారు:
ఓటరు లిస్టులో పేరు, వయసు, ఇంటి నంబరు అన్నీ ఉన్నాయి కదా. దానికి లేని భయం దీనికెందుకు?

పాత_దస్తావేజు:
నేను దస్తావేజులు రాసేవాణ్ణి, అందుకని రెండు మాటలు. చట్టం చదవకుండా ఇద్దరూ వాదిస్తున్నారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 55 ప్రకారం ఆఫీసులో ఇండెక్సులు వేర్వేరుగా ఉంటాయి. మొదటి ఇండెక్సు పేర్లది: రాసిచ్చినవాళ్లు, రాయించుకున్నవాళ్లు. రెండోది ఆస్తులది. సెక్షన్ 57 ఏమంటుందంటే, స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటో పుస్తకాన్నీ దాని ఇండెక్సుల్నీ ఫీజు కట్టి అడిగిన ఎవరికైనా చూపించాలి. కారణం చెప్పమని అక్కడ లేదు. కాబట్టి పద్మగారు అడుగుతున్నది కొత్త హక్కు కాదు. కంప్యూటర్ వచ్చాక మనకి ఆస్తుల ఇండెక్సే చూపిస్తున్నారు, పేర్లది లోపల ఉంచారు.

పెద్దన్నా, వేలిముద్రల మాట వేరు. అవి 2001లో తెచ్చిన సెక్షన్ 32ఎ వల్ల ఫొటోలతో పాటు దస్తావేజుకి చేరాయి. పేర్ల ఇండెక్సులో వేలిముద్ర ఉండదు.

బోయిన్‌పల్లి_పెద్దన్న:
ఇండెక్సుల లేకపోతే ఏమాయె? ఇండెక్సుల నంబరు దొరుకుతది, నంబరుతోని నకలు దొరుకుతది, నకలుల వేలిముద్ర ఉంటది. తొవ్వ అదే కదా. మీరు దస్తావేజులు రాసేటోళ్లు, మీకు గిరాకీ పెరుగుతదని చెప్తున్నరు.

పాత_దస్తావేజు:
గిరాకీ కోసం మాట్లాడే అవసరం నాకు లేదన్నా. నకలులో వేలిముద్ర కనబడకుండా మూసేసి ఇవ్వమని అడుగుదాం, నేనూ సంతకం పెడతా. దానికోసం పేర్లు దాచాలనడం ఏం న్యాయం?

అమీన్‌పూర్_ప్లాట్:
అసలు ఈసీ మీద ఇంత నమ్మకమేంటి? నాకు క్లీన్‌గా వచ్చింది. తీరా చూస్తే సగం ప్లాటు చెరువు బఫర్‌లో ఉంది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు కట్టడానికి లేదు. అది ఈసీలో రాదు. కోర్టు కేసు రాదు. రిజిస్టర్ కాని అగ్రిమెంటు రాదు. ముందు అవన్నీ ఒకచోట చూపించమనండి.

మోడరేటర్:
చెరువుల మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ పేరుతో వెతకడం గురించే.

ముషీరాబాద్_యూసుఫ్:
సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి మేడమ్. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు.

నల్లకుంట_వకీలు:
యూసుఫ్ గారూ, ఈ పనికి ఆ దారి కలిసిరాదు. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) ఉంది, వ్యక్తిగత సమాచారం అనే మినహాయింపు. 2012లో గిరీష్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన దగ్గర్నుంచే అధికారులు దాన్ని విరివిగా వాడుతున్నారు. డిజిటల్ డేటా రక్షణ చట్టం ద్వారా ఆ క్లాజులోని షరతులు తీసేశారు, 2025 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు అందులో ‘వ్యక్తిగత సమాచారం’ అన్న మాట మాత్రమే మిగిలింది, అంటే కాదనడం ఇంకా తేలిక. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలనే 8(2) ఇంకా ఉంది కానీ, అది నిరూపించడానికి అప్పీళ్లు తిరగాలి. రిజిస్ట్రేషన్ చట్టం 57 కింద రాతపూర్వకంగా అడగడమే మేలు. అక్కడ ప్రజాప్రయోజనం చూపించక్కర్లేదు.

బోయిన్‌పల్లి_పెద్దన్న:
1908ల ఆ చట్టం రాసినప్పుడు ఆఫీసుకొచ్చి, ఫీజు కట్టి, గుమాస్తా ముంగట కూసొని పుస్తకం తిప్పేటోడు ఒక్కడు. ఎవడొచ్చిండో అందరికి తెలుస్తుండె. ఇప్పుడు ఎక్కడో కూసొని రాత్రికి రాత్రి వెయ్యి పేర్లు కొడతడు. రెండు ఒకటే అని ఎట్లంటరు సార్? పేరు ఒక్కటే కొడితే సరిపోతదా? ఒక్క సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కింద వెంకటయ్య తండ్రి నర్సయ్యలు ఎంతమందో. వేరేటోని ప్లాటు నాదని పట్టుకొస్తే జవాబెవరు చెప్పాలె?

పాత_దస్తావేజు:
పేర్ల గురించి పెద్దన్న అన్నది నిజం. ఇండెక్సులో ఒకచోట “కె. వెంకటయ్య”, ఇంకోచోట “వెంకయ్య”, మూడోచోట ఇంటిపేరు ముందు. తండ్రి పేరు, కాలనీ, సంవత్సరం కలిపి చూస్తేగానీ తేలదు. అయినా సెర్చ్ చేసేవాళ్లం అలాగే చేసేవాళ్లం. ఆంధ్రాలో పొలాల రికార్డులుండే మీభూమి వెబ్‌సైట్‌లో ఊరు ఎంచుకుని పట్టాదారు పేరుతో వెతికే వీలు ఏళ్లుగా ఉంది. పొలానికి పనికొచ్చిన పద్ధతి ప్లాటుకి ఎందుకు పనికిరాదు?

తార్నాక_పాఠకుడు:
తార్నాకలో రాష్ట్ర పురాలేఖాగారం ఉంది. మొఘలుల కాలం నుంచి నిజాం కాలం దాకా పారశీ, ఉర్దూ కాగితాలున్నాయి. ఇనాములూ జాగీర్లూ ఎవరికిచ్చారో పేర్లతో సహా రాసిపెట్టారు. దాచుకోవడం కోసం రాసిన కాగితాలు కావవి.

సైనిక్‌పురి_పద్మ:
పెద్దన్నగారూ, వెయ్యి పేర్లు కొట్టేవాణ్ణి ఆపడానికి ఫీజు పెట్టండి, ఆధార్ ఓటీపీ పెట్టండి, రోజుకి ఒకటే సెర్చ్ అనండి. నాకు అభ్యంతరం లేదు. నేను వెతకాల్సిన పేరు ఒక్కటే, మా నాన్న పేరు. మీరు ప్రతిసారీ బ్రోకర్ దగ్గరికే వెళ్తున్నారు. కూతురు వెతకొచ్చా లేదా అన్నదానికి మాత్రం ఇంతవరకు జవాబు చెప్పలేదు.

బోయిన్‌పల్లి_పెద్దన్న:
బిడ్డ అయితే ఇంట్ల అడగాలె. కంప్యూటర్ల వెతుకుడెందుకు?

సైనిక్‌పురి_పద్మ:
అడిగాను. “నీ పెళ్లికి పెట్టింది చాలదా” అన్నారు. వీలునామా ఉందన్నారు, చూపించమంటే లాయర్ దగ్గరుందన్నారు. ఇంకెన్నిసార్లు అడగాలి? అసలు మీకు ఎవరంటే భయం? బ్రోకరా, ఇంటి ఆడపిల్లా?

బోయిన్‌పల్లి_పెద్దన్న:
మాట జర చూసి మాట్లాడండ్రి మేడమ్. భయం కాదు, కడుపుమంట. చెప్తా వినండ్రి. మా చెల్లె పెండ్లి 94ల చేసినం. బాపు అల్వాల్ల ఉన్న జాగ అమ్మి కట్నం ఇచ్చిండు, బంగారం పెట్టిండు. మిగిలిన దాంట్ల నేను, మా తమ్ముడు పెద్దమనుషుల ముంగట పంచుకున్నం. చెల్లె కూడ ఆడ్నే ఉన్నది, భోజనం చేసి పోయింది. ఇన్నేండ్లకు కోర్టు నోటీసు వచ్చింది. అండ్ల బాపు కొన్నయి, అమ్మినయి డాక్యుమెంట్ నంబర్లతో సహా ఉన్నయ్. ఎవడో లోపట ఉన్నోడు అన్ని తీసిచ్చిండు. అమ్మను ఆఖరి దాక చూసుకున్నది మేము. దవాఖాన బిల్లులు కట్టింది మేము. ఆ బిల్లులు ఏ రిజిస్టర్ల ఉన్నయ్? రికార్డుల ప్లాటు కనబడ్తది, మేం చేసింది కనబడదు. గందుకే వద్దంటున్న.

కూకట్‌పల్లి_కిరాయిదారు:
ఇప్పుడు తెలిసింది గొడవ ఎక్కడో.

నల్లకుంట_వకీలు:
పెద్దన్న గారూ, మీ బాధ అర్థమవుతోంది. మీ కేసులోకి నేను వెళ్లను. చదివేవాళ్ల కోసం చట్టం మాత్రం చెప్తాను. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తికి వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం 1956 నుంచే కూతురు కొడుకుతో సమానంగా వారసురాలు. తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో మన దగ్గర 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి హక్కు వచ్చింది. 2005లో కేంద్ర సవరణ పెళ్లైనవాళ్లకీ ఇచ్చింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఆ హక్కు పుట్టుకతోనే వచ్చిందని తేల్చింది. 2004 డిసెంబరు 20 కంటే ముందు జరిగిన పంపకాలు చెల్లాలంటే అవి రిజిస్టర్ అయి ఉండాలి, లేదా కోర్టు డిక్రీ ఉండాలి. నోటిమాట పంపకాన్ని, దానికి బలంగా ప్రభుత్వ రికార్డులు ఉంటే తప్ప, కోర్టు ఒప్పుకోదని కూడా అదే తీర్పు చెప్పింది. పెద్దమనుషుల ముందు జరిగింది నిజమే అయినా దాన్ని నిలబెట్టేది రికార్డే. ఆ రికార్డు అన్నకెంత అవసరమో చెల్లెలికీ అంతే అవసరం.

పద్మ గారూ, వీలునామా రిజిస్టర్ అయి ఉంటే అది మూడో పుస్తకంలో ఉంటుంది. రాసినాయన బతికుండగా ఆయనకీ ఆయన ఏజెంటుకీ తప్ప ఎవరికీ నకలు ఇవ్వరు. పోయాక ఎవరడిగినా ఇవ్వాలి. సెర్చ్ రిజిస్టరింగ్ అధికారే చేస్తారు. మరణ ధ్రువపత్రం పెట్టి అడగండి.

సైనిక్‌పురి_పద్మ:
వకీలుగారికి నమస్కారం. ఈ సంగతి నాకు ఏ కౌంటర్లోనూ చెప్పలేదు.

పెద్దన్నగారూ, మీరు అమ్మని చూసుకున్నారు, దాన్ని నేను కాదనను. మా వదిన కూడా మా అమ్మకి చాలా చేసింది. దానికి తగ్గ భాగం ఎక్కువ తీసుకోండి, కోర్టులోనే చెప్పుకోండి, నలుగురిలో చెప్పుకోండి. కానీ ఏముందో చెల్లెలికి తెలియకూడదు అని మీరనడానికి లేదు. ఇచ్చేదీ ఇవ్వనిదీ మీరు ఒక్కరే తేల్చేసి, కాగితం బీరువాలో పెడితే దాన్ని గోప్యత అనరు.

బోయిన్‌పల్లి_పెద్దన్న:
సరే. పేరుతోని చూడనియ్యండ్రి. కాని నా పేరు ఎవరు కొట్టిండ్రో నా ఫోన్‌కు మెసేజ్ రావాలె. చూసేటోనికి హక్కుంటే, ఎవరు చూసిండ్రో తెలుసుకునే హక్కు నాకు లేదా? దీనికి ఒప్పుకుంటే నాది ఒప్పుకోలు.

పాత_దస్తావేజు:
ఇది బాగుంది. బ్రోకర్లూ లోన్‌వాళ్లూ దీనికే జంకుతారు.

సైనిక్‌పురి_పద్మ:
నేను ఒప్పుకోను. బ్రోకర్‌కి ఆ మెసేజ్‌తో ఏమీ కాదు, రెండో నంబరు వాడతాడు. ఆడపిల్ల నాన్న పేరో అన్న పేరో కొట్టిందని ఆ రాత్రే ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో మీకూ తెలుసు. ప్లాటు మరుసటి వారం ఇంకొకరి పేరున గిఫ్ట్ డీడ్ అయిపోతుంది. చూసినవాళ్ల వివరాలు శాఖ దగ్గర ఉంచండి, మోసం జరిగితే పోలీసులకో కోర్టుకో ఇవ్వండి. ఆస్తి ఉన్నాయనకి వద్దు.

బోయిన్‌పల్లి_పెద్దన్న:
అంటే అన్న అనంగనే దొంగ అని లెక్క.

సైనిక్‌పురి_పద్మ:
దొంగ అనలేదండీ. కాగితం చేతిలో ఉన్నవాళ్లకి ముందే కబురు వెళ్తే, కాగితం లేనివాళ్ల పని అయిపోతుందంటున్నాను.

నల్లకుంట_వకీలు:
పద్మ గారూ, వాద ప్రతివాదాలు నడుస్తూండగానే పని మొదలుపెట్టండి. నాచారం ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉండేదో మీ నాన్నగారు కొన్న కాలానికి చూసుకోండి, హద్దులు మారుతూ వచ్చాయి. ఆన్‌లైన్ ఈసీ 1983 జనవరి 1 నుంచే. అంతకు ముందుదైతే పుస్తకాలే తిప్పాలి. ఇంటి మనిషినని చెప్పడమూ అక్కర్లేదు. “సెక్షన్ 57 కింద పేర్ల ఇండెక్సు పరిశీలనకు” అని రాసి, నాన్నగారి పేరు, తాతగారి పేరు, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా దాకా అని పెట్టి, రశీదు తీసుకోండి. కుదరదంటే ఆ మాట రాతలో ఇమ్మనండి. ఆ కాగితంతో జిల్లా రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లొచ్చు.

ముషీరాబాద్_యూసుఫ్:
మేడమ్, నాచారం పాత కాగితాల్లో ఉర్దూ ఉంటే చెప్పండి. చదివి పెడతా.