క్రాన్‌లో నడిపితేనే ఓరా-01843: ప్రో*సి ప్రోగ్రాంలో తారీకుల గొడవ

మధురవాడ_కోడర్:
విశాఖలో ఓడల ఏజెన్సీ కోసం రాసిన పాత ప్రో*సి (సి భాషలో ఎస్‌క్యూఎల్ కలిపి రాసే ఒరాకిల్ పద్ధతి) ప్రోగ్రాం ఒకటి నా చేతికొచ్చింది. డేటాబేస్ ఒరాకిల్. ఓడ బెర్తుకి చేరిన టైము ఫైల్లో "13/06/2024 22:45" అని వస్తుంది. దాన్ని క్యారెక్టర్ వేరియబుల్‌లో పెట్టుకుని డేట్ కాలమ్‌లోకి నేరుగా ఇన్సర్ట్ చేస్తోంది. చేత్తో నడిపితే ఏ పేచీ లేదు. రాత్రి క్రాన్‌లో (టైముకి తనంతట ప్రోగ్రాం నడిపే సదుపాయం) మాత్రం ఒరాకిల్ ఎర్రర్ ఓరా-01843, నెల చెల్లదంటోంది. పైగా జూన్ రిపోర్టులో ఏ ఓడకి చూసినా నిమిషాలు 06. జులైలో అన్నీ 07!

పాత_డీబీఏ:
క్రాన్ మీ ప్రొఫైల్ ఫైలు (లాగిన్ అవగానే సెట్టింగులు పెట్టేది) చదవదండి. తారీకు ఏ రూపంలో ఉంటుందో ఒరాకిల్‌కి చెప్పే ఎన్‌ఎల్‌ఎస్_డేట్_ఫార్మాట్ అందులోనే పెట్టి ఉంటారు, చూడండి. అది లేకపోతే టెరిటరీని (దేశం సెట్టింగుని) బట్టి డిఫాల్టు వస్తుంది. అమెరికా అయితే డీడీ-మాన్-ఆర్‌ఆర్, అంటే నెల అక్షరాల్లో ఉండాలి. 06 కనబడగానే తిప్పికొడుతుంది. క్రాన్ స్క్రిప్టులో ఆ ఒక్క వేరియబుల్ ఎక్స్‌పోర్ట్ చేస్తే సరిపోదు. భాష, దేశం చెప్పే ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్ కూడా పెట్టకపోతే క్లయింటు దాన్ని పట్టించుకోదు.

అయినా అదంతా పైపూత మందే. అక్షరాల్ని తారీకుగా మార్చే టు_డేట్‌తో ఫార్మాట్ క్వెరీలోనే రాసెయ్యండి (:రాక అంటే మీ క్యారెక్టర్ వేరియబుల్):

టు_డేట్(:రాక, 'డీడీ/ఎంఎం/వైవైవైవై హెచ్‌హెచ్24:ఎంఐ')

కనెక్ట్ అవగానే ఆల్టర్ సెషన్‌తో ఆ కనెక్షన్ వరకు ఫార్మాట్ మార్చినా నడుస్తుంది గానీ, లింకు తెగి మళ్లీ కనెక్ట్ అయితే ఆ సెట్టింగు ఎగిరిపోతుంది.

గాజువాక_సి:
నిమిషాల సంగతి తేలికే. రిపోర్టు క్వెరీలో టు_క్యార్‌కి (తారీకుని అక్షరాలుగా మార్చేది) హెచ్‌హెచ్24:ఎంఎం అని ఇచ్చి ఉంటారు. ఎంఎం అంటే నెల, నిమిషాలకి ఎంఐ. టు_డేట్‌లో ఎంఎం రెండుసార్లు రాస్తే ఓరా-01810 వచ్చి అక్కడే దొరికిపోయేది. టు_క్యార్ మాత్రం కిమ్మనకుండా నెల అచ్చేస్తుంది.

పనిలో పనిగా రిపోర్టు టైము చదివి పెట్టుకునే బఫర్ (క్యారెక్టర్ వేరియబుల్) సైజు కూడా చూడండి. "13/06/2024 22:45" 16 అక్షరాలు, చివర ముగింపు గుర్తు నల్‌కి ఒకటి, మొత్తం 17. 16 అని డిక్లేర్ చేస్తే చివరి 5 తెగిపోయి "22:4" మిగులుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరికలు ఉండే ఎస్‌క్యూఎల్‌వార్న్[1]లో డబ్ల్యూ పడుతుంది, ఇండికేటర్‌లో (విలువ ఎలా వచ్చిందో చెప్పే పక్క వేరియబుల్) అసలు పొడవు 16 ఉంటుంది. ఇంకా రేవు వదలని ఓడకి బయల్దేరిన టైము నల్ (విలువే లేదు) కదా, ఇండికేటర్ పెట్టకపోతే ఆ వరస దగ్గర ఓరా-01405 కొడుతుంది. పెట్టి, -1 ఉందేమో చూసుకోండి.

మధురవాడ_కోడర్:
టు_డేట్ పెట్టాక క్రాన్ దారికొచ్చింది. రిపోర్టులో ఉన్నది ఎంఎంయే, మార్చాను. కానీ పాత రికార్డులు కొన్నింట్లో సంవత్సరం 0024 అని ఉంది. ఇదెక్కడిది?

పాత_డీబీఏ:
ఆ రోజుల ఫైల్లో "13/06/24" అని వచ్చుంటుంది. వైవైవైవైకి రెండంకెలిస్తే ఒరాకిల్ కాదనదు, క్రీస్తుశకం 24వ సంవత్సరమనుకుని దాచేస్తుంది. ఫార్మాట్ ముందు ఎఫ్‌ఎక్స్ (అచ్చంగా అదే రూపంలో ఉండాలనే గుర్తు) తగిలించండి: 'ఎఫ్‌ఎక్స్‌డీడీ/ఎంఎం/వైవైవైవై హెచ్‌హెచ్24:ఎంఐ'. ఇకపై అలాంటి వరసకి ఓరా-01862 (అంకెల పొడవు ఫార్మాట్‌కి సరిపోలేదు) ఇస్తుంది. దాన్ని రిజెక్టు ఫైల్లోకి మళ్లించండి. పాతవాటికి ముందు టేబుల్ కాపీ తీసుకుని, డేట్ '0100-01-01' కంటే చిన్నవన్నింటికీ నెలలు కలిపే యాడ్_మంత్స్(కాలమ్, 24000) వేయండి. 2000 ఏళ్లు ముందుకొస్తాయి, గంటలు నిమిషాలు కదలవు.

రోజువారీ రిపోర్టులో ట్రంక్(కాలమ్) = అని, అంటే టైము కొట్టేసి తారీకు మాత్రమే పోల్చేలా, రాసి ఉంటే అదీ తీసెయ్యండి. కాలమ్ మీదున్న మామూలు ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) దానికి పనికిరాదు. కాలమ్ >= :రోజు, కాలమ్ < :రోజు + 1 అని రాస్తే ఆ ఇండెక్స్ వాడుకోగలదు. ఇక్కడ కూడా :రోజుకి టు_డేట్ ఉండాలి సుమా.

గాజువాక_సి:
ఒక్కటి అడగడం మరిచాను. ఫైల్లో టైము మనదా, యూటీసీయా (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం)? ఓడ నుంచి వచ్చే కబుర్లు ఎక్కువగా యూటీసీలో ఉంటాయి. 13న 22:45 యూటీసీ అంటే విశాఖలో 14 తెల్లవారుజాము 4:15. డేట్ టైపులో టైమ్‌జోన్ ఉండదు కాబట్టి ఇది డేటాబేస్ పట్టుకోలేదు, ఏజెన్సీ వాళ్లనే అడగాలి.