సమస్యాపూరణం: "వెన్నుఁ జూపి కాంచె వింతసొగసు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇది, మిత్రులారా.

*వెన్నుఁ జూపి కాంచె వింతసొగసు*

ఛందస్సు ఆటవెలది. ఇది నాలుగో పాదంగా రావాలి. ఒక్క నియమం ఉంది: పూరణ ఇంగ్లండు యాత్రికుల గురించే ఉండాలి, కాలం 1770 నుంచి 1812 దాకా.

ఈ కాలాన్నే ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. విలియం కూంబ్ అనే కవి అప్పులపాలై లండన్‌లో కింగ్స్ బెంచ్ జైలు హద్దుల్లో బతికేవాడు. రుడాల్ఫ్ ఆకర్‌మన్ అనే ప్రచురణకర్త 1809లో పద్యాల పత్రిక ఒకటి మొదలుపెట్టి, థామస్ రోలాండ్‌సన్ గీసిన హాస్యచిత్రాన్ని నెలకొకటి ఈయనకు పంపేవాడు. బొమ్మ చూసి పద్యాలు కట్టడం ఈయన పని. వచ్చే నెల ఏ బొమ్మ వస్తుందో తెలియదు. చిత్రకారుడికీ కవికీ ముఖపరిచయం కూడా లేదు. అలా రెండేళ్లలో దాదాపు పదివేల పంక్తులు పోగయ్యాయి. 1812లో అదే డాక్టర్ సింటాక్స్ యాత్రాకావ్యంగా అచ్చయింది. ఈ సింటాక్స్ బక్కచిక్కిన బడిపంతులు, గ్రిజిల్ అనే ముసలి గుర్రమెక్కి అందమైన దృశ్యాల కోసం ఊళ్లు తిరుగుతాడు. దొంగలు చెట్టుకు కట్టేస్తారు, ఎద్దు తరుముతుంది, నీళ్లలో పడతాడు.

మనకు పాదం ఇస్తారు, ఆయనకు బొమ్మ ఇచ్చారు. కూంబ్ చేసింది అచ్చమైన సమస్యాపూరణమే. అవధానం ఎరిగిన తెలుగువాళ్లకు ఆ పని ఎంత కష్టమో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

పాలపిట్ట:
నా పూరణ, అద్దం మీద.

*కొండ వెనుక నుండఁ, గోరి యద్దముఁ బట్టి,*
*నల్లగాజులోన నదియుఁ జెట్టు*
*చిత్రపటము వోలెఁ జిన్నవై కనిపింప*
*వెన్నుఁ జూపి కాంచె వింతసొగసు.*

మంజీర:
పద్యం సాఫీగా ఉందండీ. కానీ ఎదురుగా కొండ పెట్టుకుని అద్దంలో చూడటమేమిటి?

పాలపిట్ట:
క్లాడ్ అద్దం అనేవారండీ దాన్ని. క్లాడ్ లొరేన్ అనే పాత చిత్రకారుడి పేరు మీద వచ్చింది. చిన్న కుంభాకార దర్పణం, నల్లటి పూత. యాత్రికుడు దృశ్యానికి వీపు పెట్టి, అద్దం ఎత్తి పట్టుకుని చూసేవాడు. లోయంతా అరచేతిలోకి ఇమిడేది, వెలుగు మెత్తబడి రంగులన్నీ ఒక్క తీరుకు వచ్చేవి. అచ్చం ఆ చిత్రకారుడి పటంలాగే. కవి థామస్ గ్రే 1769లో సరస్సుల సీమలో అద్దం తెరిచి పట్టుకునే బురదబాటలో వెల్లకిలా పడ్డాడు. వేళ్ల కణుపులకు దెబ్బ తగిలింది. అయినా అక్కడే ఉండి సూర్యాస్తమయం చూసే కదిలాడు.

తెలుగుమాస్టారు:
మొదటి పాదంలో "గోరి" యతి కోసం వేసిన మాట కాదు. కొండ వెనకే ఉన్నా కావాలనే అద్దం పట్టాడన్న అర్థం అందులోనే ఉంది. మంచి పూరణమమ్మా.

గోదావరి గట్టు:
నేను సింటాక్స్ పంతులునే పట్టుకున్నాను.

*ఎద్దు తఱుము చుండ హెచ్చిన భీతితో*
*చెట్టు నెక్కె గురువు, చేరువందు*
*పాడుపడిన కోట బాగుగాఁ గనుపట్ట*
*వెన్నుఁ జూపి కాంచె వింతసొగసు.*

తెలుగుమాస్టారు:
పారిపోవడమూ చూడటమూ ఒకే పాదంలో కలిశాయి, నాకు నచ్చింది. ఎద్దు, చెట్టు కావ్యంలో ఉన్నవే. శిథిలమైన కోట దగ్గర మాత్రం పంతులు నీళ్లలో పడతాడు. మీరు రెండు బొమ్మల్ని కలిపారు, పూరణలో అది చెల్లుతుంది. మూడో పాదంలో "బాగుగా" ఒట్టి పూడిక. ఆనాటి యాత్రికుడికి పాడుగోడ ఒక్కటే చాలదు, దాని మీద తీగ పాకాలి. ఇలా మార్చి చూడండి:

*పాడుపడిన కోట పచ్చతీఁగలఁ దోఁప*

ఈ రుచిని జనానికి నేర్పినవాడు విలియం గిల్పిన్ అనే మతగురువు. 1770లో వై నది మీద పడవలో వెళ్లి, 1782లో పుస్తకం వేశాడు. టింటర్న్ మఠం శిథిలాల మీద అల్లుకున్న తీగల్ని తెగ మెచ్చుకున్నాడు. ఆ గోడల చివర్లు మరీ తిన్నగా ఉన్నాయనీ, సుత్తితో చూసి చూసి నాలుగు దెబ్బలేస్తే ఇంకా బాగుంటాయనీ రాశాడు. 1793లో ఫ్రాన్సుతో యుద్ధం మొదలై యూరప్ దారులు మూతపడ్డాక జనం ఇలాంటి పుస్తకాలు చంకన పెట్టుకుని సొంత దేశంలోనే తిరిగారు.

గోదావరి గట్టు:
సవరణ శిరోధార్యం మాస్టారూ.

మంజీర:
నాది కూంబ్ మీదే.

*అప్పులున్న కవియు నడుగైనఁ గదలఁడు;*
*మాసమాస మొక్క బొమ్మ రాఁగ*
*గదిని గూరుచుండి కైతల నల్లుచు*
*వెన్నుఁ జూపి కాంచె వింతసొగసు.*

పాలపిట్ట:
రెండో పాదంలో యతి కుదరలేదండీ, "మా"కు "బొ" చెల్లదు. "బొమ్మ నెలకు నొకటి పొంది పొంది" అంటే సరిపోతుంది. ఆ "పొంది పొంది"లో నెల తర్వాత నెల గడవడమూ వినిపిస్తుంది.

తెలుగుమాస్టారు:
ఇంకో లోటు ఉంది. దేనికి వెన్ను చూపాడు? గదిలో కూర్చున్నవాడు వెన్ను చూపడానికి ఎదుట ఏదో ఒకటి ఉండాలి కదా. సమస్యలో ముడి పెట్టిన మాట అదే, దాన్ని విప్పకుండా వదిలేస్తే పూరణ కాదు. మూడో పాదం ఇలా ఉంటే?

*కొండ కోనకెల్లఁ గూర్చున్న చోటనే*

మంజీర:
రెండు సవరణలూ తీసుకున్నాను. ఇప్పుడు పద్యం నిలబడింది, ధన్యవాదాలు.

ఏటిగట్టు:
ఆలస్యంగా వచ్చాను. అందరూ దొరల గురించే రాశారు, పడవ నడిపినవాడి మాటేమిటి?

*నావ తెడ్డు లాగు నాతఁడు పనివాఁడు*
*ముందుచూపు దొరకు ముట్టఁజెప్పి*
*దాటివచ్చినట్టి తావులే తనవిగా*
*వెన్నుఁ జూపి కాంచె వింతసొగసు.*

తెడ్లు లాగేవాడు పడవ పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. గిల్పిన్ రాస్ ఊళ్లో పైకప్పున్న పడవ, ముగ్గురు మనుషుల్ని కుదుర్చుకున్నాడు. దిగువకు పోవడానికి అంతమంది అక్కర్లేదు, కష్టమంతా తిరిగి ఎదురేటిలో లాక్కు రావడంలోనే ఉందని ఆయనే రాశాడు.

తెలుగుమాస్టారు:
బాబూ, ఇందులో నేను దిద్దేదేమీ లేదు. "ముట్టఁజెప్పి" అన్న మాట కూలీ నోట్లోంచి వచ్చినట్టే ఉంది.

నిర్వాహకుడు:
ఈ వారం ఉత్తమ పూరణ ఏటిగట్టు గారిది. మిగతా మూడింట్లో మనిషి కావాలనో, భయపడో, కదల్లేకో వెన్ను చూపాడు. ఇక్కడ అది అతని పని. రోలాండ్‌సన్ బొమ్మల్లో నాకు నచ్చేదీ ఇదే. పంతులు ఎంత గొప్పగా ఫోజు పెట్టినా పక్కన వంటమనిషో గుర్రాలవాడో తన పనిలో తానుంటాడు, కన్ను అటే పోతుంది.

వచ్చే వారానికి సమస్య. కావ్యంలో పాపం గ్రిజిల్ చెవులూ తోకా పోగొట్టుకుంటుంది. దాన్ని తలుచుకుని, మళ్లీ ఆటవెలదిలోనే:

*చెవులు లేని హయము చెవినిఁ బెట్టె*