పోర్టబుల్ హార్డ్ డిస్క్ 30 జీబీ దాటగానే నత్తనడక: ఇది దాని తీరేనా, లోపమా?

రోజువారీ ఫైళ్లు దాచుకోవడానికి 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ (2.5 అంగుళాలది, యూఎస్‌బీ 3.0) తీసుకుని పది రోజులైంది. 2 టీబీ అని రాసి కంప్యూటర్‌లో 1.81 అని చూపించడం మామూలే, నా బాధ అది కాదు.

ఒకేసారి 80 జీబీ ఫోటోలు, వీడియోలు కాపీ పెడితే మొదట సెకనుకు 115 ఎంబీ వేగంతో వెళ్తోంది. సుమారు 30 జీబీ దాటగానే గ్రాఫ్ ఒక్కసారిగా పడిపోయి 12 ఎంబీ దగ్గర కూర్చుంటోంది. మధ్యమధ్యలో సున్నా. అప్పుడు చేయి పెట్టి చూస్తే డిస్క్ గోరువెచ్చగా ఉంది, లోపల సన్నగా గరగర. టకటక మాత్రం లేదు. కాపీ ఆపేసి, లైటు మిణుకుమిణుకుమనడం ఆగేదాకా ఓ అరగంట వదిలేస్తే మళ్లీ 115! ఫైళ్లు తెరవడంలో, వెనక్కి కాపీ చేసుకోవడంలో ఏ ఇబ్బందీ లేదు.

కేబుల్ మార్చాను. హబ్ తీసేసి నేరుగా పోర్టుకే పెట్టాను. వేరే ల్యాప్‌టాప్‌లోనూ అంతే. యాంటీవైరస్ ఆపి చూశాను, ఎక్స్‌ఫ్యాట్ తీసేసి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేశాను. డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో రీఅలొకేటెడ్ (పాడై మార్చేసినవి), పెండింగ్ (అనుమానంలో ఉన్నవి) సెక్టార్లు రెండూ 0.

ట్రాకులు (డేటా రాసే వలయాలు) ఒకదాని మీదికి ఒకటి కొంత జరిగి ఉండే ఎస్‌ఎమ్‌ఆర్ డిస్కులు ఎక్కువసేపు రాస్తే ఇలా నెమ్మదిస్తాయని తెలుసు. కానీ ఇది ఆ రకమో కాదో డబ్బా మీద ఎక్కడా లేదు. వాపసు గడువు ఇంకా నాలుగు రోజులే, అదే టెన్షన్.

ఇలాంటి డిస్క్ వాడినవాళ్లు చెప్పండి: ఈ లక్షణాలు ఎస్‌ఎమ్‌ఆర్ తీరేనా, లేక లోపమనుకుని వాపసు ఇచ్చేయాలా?