అసలు, ఫసలీ, వసూలు, మహసూలు: అన్నిట్లోనూ స, ల ఉన్నాయి, ధాతువు ఒకటేనా?

చిత్తూరు అడంగల్ (ప్రశ్న)

పాత అడంగళ్లు, జమాబందీ లెక్కలు, ఇనాం కాగితాల్లో వచ్చే మాటలకి పదపట్టిక కడుతున్నాను. అరబ్బీ నుంచి వచ్చినవాటికి పక్కన ధాతువు కూడా ఇవ్వాలని ఉద్దేశం. హాసిలు, మహసూలు, తహసీలు, వసూలు, అసలు, ఫసలీ, ఫైసలా, తపశీలు. వీటన్నిట్లోనూ స, ల కనిపిస్తున్నాయి. మహసూలు, వసూలు రెండూ పైకం రాబట్టే మాటలే కదా, వాటినైనా ఒక ధాతువు కింద వేసేయొచ్చా? సంస్కృత వ్యాకరణం తెలుసు, ఉర్దూ లిపి కూడబలుక్కుని చదవగలను. నిఘంటువులో ఎక్కడ వెతకాలో చెప్పినా చాలు.

మదనపల్లె మున్షీ

వేయకూడదన్నా. మీ పట్టికలో ఉన్నవి నాలుగు వేర్వేరు ధాతువులు. నాలుగింటికీ రెండో అక్షరం సాద్, మూడోది లామ్. మొదటిది మాత్రం మారుతుంది. హాసిలు, మహసూలు, తహసీలు మూడూ హ-స-ల. ఈ హ గొంతు బిగించి పలికే హా, మామూలు హ కాదు. వసూలు వ-స-ల. అసలుకి మొదట హంజా, అంటే గొంతు ఒక్క క్షణం ఆపి వదిలే హల్లు. ఫసలీ, ఫైసలా, తపశీలు ఫ-స-ల.

హ-స-ల దగ్గర కాస్త ఆగి చూడండి, సరుకంతా అక్కడే ఉంది. హసల అంటే చేతికి రావడం, సిద్ధించడం, జరగడం. చేతికి వచ్చింది హాసిల్. పండి వచ్చిన పంట, రాబడి మహ్‌సూల్, బహువచనం మహాసీల్. నడిమి అక్షరాన్ని ద్విత్వం చేస్తే హస్సల, అంటే రాబట్టాడు. దాని భావనామం తహ్‌సీల్, ఆ పని చేసేవాడు ముహస్సిల్. తహసీల్దారులోని ‘దారు’ పారసీకం, కాబట్టి ఆ మాటంతా అరబ్బీ అని రాయకండి.

తహ్‌సీల్‌కి మూలార్థం పొట్టులోంచి గింజ తీయడమని ఖురాన్ పదాలకి నిఘంటువు రాసిన రాగిబ్ అల్ ఇస్ఫహానీ చెప్పాడు. గని రాతిలోంచి బంగారం, గడ్డిలోంచి గోధుమ తీసినట్టన్నమాట. ఖురాన్ 100వ సూరా 10వ వాక్యంలోని ‘హుస్సిల’ ఇదే క్రియకి కర్మణి రూపం: గుండెల్లో ఉన్నదంతా వెలికి తీసినప్పుడు అని. పిట్ట మెడ కింద గింజలు నిలవేసుకునే సంచిని హౌసల అంటారు. అదే పారసీకం మీదుగా ఉర్దూకి చేరి, ఇముడ్చుకునే సత్తా అనే అర్థంలోంచి ‘హౌస్లా’గా, ధైర్యంగా మారింది.

ఇక వుసూల్ అంటే అరబ్బీలో చేరుకోవడం, అంతే. అందులో డబ్బు ఊసే లేదు. ఖజానాకి చేరిన సొమ్ముకి ఆ మాట వాడడంతో ఇటువైపు పైకం అర్థం స్థిరపడింది. రైతు దగ్గర రాబట్టడం తహసీలు, సర్కారుకి చేరడం వసూలు. పని ఒకటే కాబట్టి అర్థాలు దగ్గరపడ్డాయి, ధాతువులు మాత్రం కలవవు.

తిరుపతి వైయాకరణి

సంస్కృతం తెలిసినవాళ్లు ఒకచోట తప్పకుండా తడబడతారు. ‘కృ’లో అచ్చు ఉంది, ధాతువుని విడిగా పలకొచ్చు. అరబ్బీ ధాతువు వట్టి హల్లులే, అచ్చులన్నీ వజ్న్ అనే మూసవి. ఫ-అ-ల అనే నమూనా ధాతువుతో మూసలకి పేర్లు పెట్టారు. హాసిల్ మూస ఫాఇల్, మహ్‌సూల్‌ది మఫ్‌ఊల్, వుసూల్‌ది ఫుఊల్. తహ్‌సీల్, తఫ్‌సీల్ రెండూ తఫ్‌ఈల్ మూసలోవే. అంటే మీ తహసీలుకీ తపశీలుకీ పోలిక మూసలో ఉంది, ధాతువులో కాదు. పట్టికలో మూసకి కూడా ఒక గడి పెట్టండి, సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

పని ఈ వరసలో చేయండి. ముందు దారు, బందీ, నామా, ఖానా లాంటి పారసీక తోకలు కోసేయండి. తర్వాత ఉర్దూ వర్తనిలో మాటని రాసుకోండి. తెలుగు వర్తనిని నమ్ముకుంటే మునిగిపోతారు. సాద్, సీన్, సే మూడూ మనకి ‘స’ అయ్యాయి. ఐన్ అనే గొంతు హల్లు నోట్లోనే కరిగిపోయింది. అసలుని ఐన్, సీన్‌తో వెతికితే ‘తేనె’ దొరుకుతుంది. ‘జ’ గొడవ ఇంకా పెద్దది: చూపు అనే నజరులో ఉన్నది జోయ్, నజరానాలో ఉన్నది జాల్. రెండోదాని ధాతువుకి మొక్కుకోవడం అని అర్థం, చూపుతో పనిలేదు.

ఆ తర్వాతే మూస అక్షరాలు తీసేయాలి. మహసూలులో మ మూసది, మాలిక్‌లో మ ధాతువుదే. తకరారులో త మూసది (క-ర-ర), తర్జుమాలో త ధాతువుదే. అది నాలుగక్షరాల ధాతువు.

నిఘంటువుల సంగతి: 1290లో ముగిసిన అరబ్బీ నిఘంటువు లిసాన్ అల్ అరబ్ చివరి అక్షరాన్ని బట్టి నడుస్తుంది. మీ నాలుగు ధాతువులూ లామ్ అధ్యాయంలోనే, మొదటి అక్షరం ప్రకారం విడివిడి విభాగాల్లో ఉంటాయి. లేన్ అరబ్బీ-ఇంగ్లీషు నిఘంటువు మొదటి అక్షరం వరస. హ-స-ల, ఫ-స-ల అందులో పుష్కలంగా దొరుకుతాయి. ఆయన పని ముగియకుండానే 1876లో పోయాడు, కాఫ్ (ق) నుంచి ముందుకి బాగా పలచబడింది. వ-స-ల కోసం అక్కడ కూర్చోవడం దండగ, హాన్స్ వేర్ అరబ్బీ నిఘంటువు తెరవండి. తెలుగు రూపాలకి బ్రౌన్ 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు పక్కన ఉండాలి.

చిత్తూరు అడంగల్

చాలా సంతోషం. ఒక్క అనుమానం. రెండు అక్షరాలు కలిస్తే అర్థంలో చుట్టరికం ఉంటుందనే వాదన ఒకటుంది కదా, ఆ లెక్కన స-ల జంటకి ఉమ్మడి అర్థం ఏదైనా చెప్పొచ్చా?

మదనపల్లె మున్షీ

ఈ నాలుగింటి దగ్గర ఆ వాదన నిలవదు. ఫస్ల్ అంటే విడదీయడం, వస్ల్ అంటే కలపడం. అరబ్బీ అలంకారశాస్త్రంలో ‘ఫస్ల్, వస్ల్’ అని ఒక ప్రకరణమే ఉంది. రెండు వాక్యాల మధ్య ‘వ’ అనే సముచ్చయం ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మానాలి అన్నదే అందులో చర్చ. స-ల పంచుకున్న రెండు ధాతువులు ఎదురెదురు అర్థాల్లో ఉంటే ఉమ్మడి అర్థం ఎక్కణ్ణుంచి తెస్తాం?

విడదీయడంలోంచే మిగతావన్నీ వచ్చాయి. ఏడాదిని విడదీస్తే ఋతువు, దాన్నుంచి పంట, పంటల సంవత్సరం ఫసలీ. తగువుని తెంచితే ఫైసలా. విడివిడిగా చెబితే తపశీలు. పట్నం కాని పల్లె ప్రాంతాలకి వాడే మొఫస్సిల్ కూడా ఈ ఇంటిదే.

వ-స-లతో ఒక చిక్కుంది, మొదటి వ నిలకడగా ఉండదు. యసిలు, సిల అన్న రూపాల్లో మాయమవుతుంది, ఇత్తిసాల్‌లో త కింద మారిపోతుంది. ఇలాంటివి కనిపిస్తే త కింద వెతక్కండి.

పలమనేరు జమాబందీ

ధాతువుల జోలికి నేను పోను, ఫసలీ గురించి ఒక ముక్క. మద్రాసు లెక్కలో ఫసలీకి 590 కలిపితే అది మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం, జూలై 1 నుంచి. ఫసలీ 1320 అంటే 1910 జూలై 1 నుంచి 1911 జూన్ 30 దాకా. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న, అంటే ఆ ఫసలీ నడుమనే. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటులో ఉండేది, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లావి. మీ పట్టికలో కాగితం ఏ జిల్లాదో కూడా రాసుకోండి.