ఎంజీఎంటీ రెండో ఆల్బమ్ నిరాశపరిచిందా, మనమే సరిగ్గా వినలేదా?

పాత_క్యాసెట్:
అమెరికన్ రాక్ బ్యాండ్ ఎంజీఎంటీ రెండో ఆల్బమ్ ‘కంగ్రాచ్యులేషన్స్’ (2010) నిన్న మళ్లీ విన్నాను. నా అభిప్రాయం మారలేదు. మొదటి ఆల్బమ్‌లో ‘కిడ్స్’, ‘ఎలక్ట్రిక్ ఫీల్’ లాంటి పాటలు ఒక్కసారి వింటే రోజంతా నోట్లో ఆడేవి. ఇందులో ఉన్న తొమ్మిదింటిలో అలాంటిది ఒక్కటి చూపించండి. ఒక పాట ఏకంగా 12 నిమిషాలు, ఇంకోదానికి మాటలే లేవు. పాడుకోవడానికి వచ్చినవాళ్ల చేతిలో ఏం పెట్టినట్టు?

చెవి_కోసుకుంటా:
పాత_క్యాసెట్ గారూ, పాడుకునే పాట కోసం వెతికితే దొరకదు, నిజమే. బ్యాండ్‌ని నడిపే ఆండ్రూ, బెన్ ఇద్దరూ ముందే చెప్పారు కదండీ, దీన్ని సింగిల్స్‌గా, అంటే విడి పాటలుగా విడగొట్టకుండా మొత్తంగా వినమని. ‘సమ్‌వన్స్ మిస్సింగ్’ తీసుకోండి. రెండున్నర నిమిషాల పాట. సగానికి పైగా సన్నటి గొంతుతో గొణుగుతున్నట్టే సాగి, చివర్లో ఒక్కసారిగా డ్రమ్స్‌తో విచ్చుకుంటుంది. ఆ ఆనందం చేతికి అందేలోపే అయిపోతుంది. ఇంకెవరైనా అయితే ఆ ముక్కనే పట్టుకుని నాలుగు నిమిషాలు సాగదీసేవాళ్లు. అలా చేయకపోవడమే నాకు నచ్చింది. ఇక మీరన్న ఆ 12 నిమిషాల ‘సైబీరియన్ బ్రేక్స్’ని ఒక పాట అనుకోకండి. ఆరేడు చిన్న పాటలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. నాకు అది పట్టుబడటానికి నాలుగైదు సార్లు పట్టింది.

తాళం_తప్పదు:
నాలుగైదు సార్లు వినే ఓపిక అందరికీ ఉండాలనడం అన్యాయం బ్రదర్. విమర్శకులు కూడా రెండుగా చీలిపోయారు. సాహసం అన్నవాళ్లున్నారు, ట్యూన్లు ఎక్కడ అని అడిగినవాళ్లూ ఉన్నారు. నేను రెండో జట్టు. నిర్మాత సోనిక్ బూమ్‌తో కలిసి అరవైల సైకడెలిక్ ధోరణిలోకి, అంటే కలలో తేలుతున్నట్టుండే సంగీతంలోకి వెళ్లడం తప్పు కాదు. ‘ఫ్లాష్ డెలిరియం’లో మాత్రం ఏ ముక్కా నిలబడదు. ఒకటి చెవికెక్కేలోపు ఇంకోటి వచ్చి తోసేస్తుంది. దాన్నే అందరికన్నా ముందు ఉచితంగా వినిపించారు, జనం అక్కడే బెదిరిపోయారు.

చెవి_కోసుకుంటా:
జనం బెదిరారంటే ఒప్పుకోను. అమెరికా ఆల్బమ్‌ల అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్ 200లో ఇది రెండో స్థానం దాకా వెళ్లింది. మొదటిది 38 దాటి పైకి రాలేదు.

పాత_క్యాసెట్:
ఆ రెండో స్థానం మొదటి ఆల్బమ్ మీద ప్రేమతో వచ్చిందండీ. నేనూ అలాగే కొన్నాను. ఇంటికొచ్చి ‘కిడ్స్’ లాంటిది వస్తుందేమోనని ఒక్కో పాటా ముందుకు తోసుకుంటూ పోయాను. అలా వినడం నా పొరపాటే, దాన్ని ఒప్పుకుంటాను.

మౌన_శ్రోత:
మీరెవరూ చివరి పాట గురించి మాట్లాడలేదు. ఆల్బమ్ పేరే దాని పేరు. పేరు వచ్చాక ఎదురయ్యే వెలితిని అందులో ఇద్దరూ చాలా నెమ్మదిగా పాడుకుంటారు. పాట అయిపోగానే చప్పట్లు వినిపిస్తాయి, అదీ నలుగురైదుగురే కొడుతున్నట్టు. మనం ఇక్కడ వాదిస్తున్నదంతా వాళ్లు ముందే ఊహించారనిపించి నాకు గుండె పట్టేసింది.

పాత_క్యాసెట్:
ఆ చప్పట్ల దాకా నేను ఒక్కసారి కూడా ఆగలేదు. నిన్న కూడా పాట మందగించగానే ఆపేశాను. ఈ రాత్రి చివరిదాకా విని వస్తాను. ‘ఫ్లాష్ డెలిరియం’ విషయంలో మాత్రం తాళం_తప్పదు గారి మాటే నా మాట.