మొదటి రోజు స్కీయింగ్: కుటుంబం నడిపే చిన్న కొండ సరిపోతుందా, పెద్ద రిసార్టుకే వెళ్లాలా?

వాలుదారి:
ఎప్పటికీ తేలని గొడవే, ఈసారి ఒక షరతుతో పెడుతున్నా. ఇద్దరు పెద్దలు, ఎనిమిదేళ్ల పాప, పన్నెండేళ్ల బాబు అనుకుందాం. ఎవరూ ఇంతవరకు కాలికి స్కీ తగిలించలేదు. చేతిలో ఉన్నది ఒక్క రోజు. ఒక పక్క ఓ కుటుంబం నడుపుకునే చిన్న కొండ: కింద నుంచి పైకి 100 మీటర్ల ఎత్తు, ఒక టీ-బార్ (ఇద్దరిని వెనక నుంచి తోస్తూ మంచు మీదే పైకి లాగే కడ్డీ), పిల్లల వాలు మీద ఒక రోప్ టో (పట్టుకుంటే పైకి లాగే తాడు). పొద్దున టికెట్ ఇచ్చిన మనిషే మధ్యాహ్నం లిఫ్ట్ దగ్గర కనిపిస్తాడు. ఇంకో పక్క పదిహేను ఛైర్‌లిఫ్టులున్న రిసార్టు. ఎటు వెళ్లాలి? "అక్కడ ప్రశాంతంగా ఉంటుంది" రకం జవాబులు వద్దు, లెక్కలతో రండి.

మంచుమీటర్:
చిన్న కొండకే నా ఓటు. 100 మీటర్ల ఎత్తు, సగటున 20 శాతం వాలు అంటే దారి పొడవు సుమారు 500 మీటర్లు. టీ-బార్ సెకనుకు రెండున్నర మీటర్లు లాగినా పైకి మూడున్నర నిమిషాల లోపే. కొత్తవాళ్లు ఆగుతూ ఆగుతూ దిగడానికి ఐదారు నిమిషాలు వేసుకోండి. క్యూ లేకపోతే పది నిమిషాలకో చుట్టు, గంటకు ఆరు. విశ్రాంతులు పోను నాలుగు గంటలు అనుకున్నా 24 చుట్లు, 2400 మీటర్ల దిగుడు.

ఇప్పుడు పెద్ద కొండ. తేలిక దారే తీసుకున్నా 500 మీటర్ల ఎత్తు, 12 శాతం వాలు, అంటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఛైర్ సెకనుకు 5 మీటర్లు పోతుంది కాబట్టి ఎక్కడం చిటికెలో పని. దిగడానికి మాత్రం కొత్తవాళ్లకు ముప్పావు గంట. రోజుకు ఐదు చుట్లు, 2500 మీటర్లు.

దిగిన ఎత్తు రెండు చోట్లా దాదాపు ఒకటే. కానీ కదలడం, ఆగడం, లిఫ్ట్ ఎక్కడం, దిగడం ఒక చోట 24 సార్లు, ఇంకో చోట 5 సార్లు. మొదటి రోజు నేర్చుకునేదంతా ఆ నాలుగు పనుల్లోనే ఉంది. పైగా పెద్ద దారిలో రెండో కిలోమీటరు దగ్గర తొడలు వణకడం మొదలైతే ఇంకా రెండు కిలోమీటర్లు మిగిలే ఉంటాయి. చిన్న కొండ మీద ఎక్కడ అలిసిపోయినా కింద గది కనిపిస్తూనే ఉంటుంది.

ఎత్తైనదారి:
లెక్క బాగుంది, పోల్చింది మాత్రం తప్పు. పెద్ద రిసార్టులో మొదటి రోజు మనిషిని నాలుగు కిలోమీటర్ల దారి మీదికి ఎవరు పంపుతారండీ? మ్యాజిక్ కార్పెట్ దగ్గర వదులుతారు. 80, 100 మీటర్ల పొడవున్న రబ్బరు పట్టా, సెకనుకు ముప్పావు మీటరు లోపు వేగం. పట్టా మీద నిలబడటమే, పట్టుకోవాల్సింది ఏమీ లేదు. రెండు నిమిషాలు పైకి, ఒక నిమిషం కిందికి. మీ 24 చుట్లు అక్కడ రెండు గంటల్లో అయిపోతాయి.

చిన్న కొండ మీద ఏముంది? రోప్ టో! స్కీ మీద నిలబడటం కూడా రాని పిల్లను, కదులుతున్న తాడు పట్టుకోమంటారు. ఆదిలోనే హంసపాదు. నిజం చెప్పాలంటే రోప్ టో ఎక్కడం, ఆ వాలు దిగడం కన్నా కష్టం.

తాడుపట్టు:
రోప్ టో కష్టమే, ఒప్పుకుంటా. కానీ పడేవాళ్లలో ఎక్కువమంది ఒకే తప్పు వల్ల పడతారు: తాడును ఒక్కసారిగా గట్టిగా పట్టేస్తారు. తాడు అప్పటికే వేగంలో ఉంటుంది, మీరు ఆగి ఉన్నారు. చేతులు ముందుకు పోతాయి, కాళ్లు అక్కడే ఉంటాయి, బోర్లా పడతారు. చేయాల్సింది ఇలా. స్కీలు రెండూ గాడిలో, తాడుకు సమాంతరంగా, భుజాల కన్నా కాస్త దగ్గరగా పెట్టాలి. మోకాళ్లు వంచాలి. తాడును ముందు చేతిలో జారనివ్వాలి, మెల్లగా బిగించాలి. స్కీలు కదలడం తెలిశాకే పూర్తిగా పట్టు. ముందు చేయి పొట్ట దగ్గర, రెండో చేయి వీపు వెనక నుంచి. వెనక చేయి పట్టకపోతే బరువంతా ఒక ముంజేతి మీద పడి నాలుగో చుట్టుకే వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

గ్లవ్స్ సంగతి ఎవరూ ముందు చెప్పరు. నీరు పట్టని నైలాన్ గ్లవ్స్ అరచేతి దగ్గర ఒక్క రోజులోనే అరిగిపోతాయి. తోలు గ్లవ్స్ కావాలి, లేదంటే వాటి మీద వేసుకునే తోలు తొడుగు. ఇంకోటి, తాడు ముందుకు పోతూనే తన చుట్టూ తాను మెలి తిరుగుతుంది. వదిలేసిన జుట్టు, మఫ్లర్, జాకెట్ తాళ్లు అందులో చుట్టుకుంటాయి. అన్నీ జాకెట్ లోపలికి తోసి జిప్ వేయాలి. పైన దిగే చోటు దాటాక అడ్డంగా ఒక తీగ ఉంటుంది, మనిషి తగిలితే మోటారు ఆగిపోతుంది. అది పనిచేస్తుందో లేదో పొద్దున తెరిచే ముందు పరీక్షిస్తారు. పరీక్ష అయిందా అని అడిగితే మంచి ఆపరేటరు నొచ్చుకోడు.

కొన్ని చిన్న కొండలు తాడుకు ప్లాస్టిక్ పిడులు బిగించాయి. అలాంటి చోట ఈ గోలలో సగం ఉండదు.

పాతస్కీ:
చిన్న కొండను తక్కువ చేసేవాళ్లకు ఒక మాట. అమెరికాలో మిన్నెసోటాలోని బక్ హిల్ ఎత్తు 95 మీటర్లు కూడా ఉంటుందో లేదో, ఒలింపిక్ స్వర్ణం గెలిచిన లిండ్సే వాన్ అక్కడే తయారైంది. వెర్మాంట్‌లోని కాక్రన్స్ అయితే అచ్చంగా కుటుంబం కొండ. 1961లో ఇంటి వెనక వాలు మీద తాడు వేసి మొదలుపెట్టారు. ఆ ఇంటి నలుగురు పిల్లలూ అమెరికా జట్టులోకి వెళ్లారు. బార్బరా ఆన్ కాక్రన్ 1972 సపోరో ఒలింపిక్స్‌లో స్లాలమ్ (జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే పోటీ) స్వర్ణం గెలిచింది. కొండ మొదలుపెట్టినవాళ్ల మనవడు రయాన్ కాక్రన్-సీగల్ 2022 బీజింగ్‌లో సూపర్-జి (ఇంకా వేగంగా దిగే పోటీ) రజతం తెచ్చాడు. పిట్ట కొంచెం, కూత ఘనం.

ఎత్తైనదారి:
పాతస్కీ గారూ, వాళ్లు పోటీలకు సాధన చేసినవాళ్లు. ఇంటి పక్కనే తాడు, ఏళ్ల తరబడి గేట్ల (పోటీ జెండాల) మధ్య వేల చుట్లు. ఇక్కడ అడిగింది ఒక్క రోజు సంగతి. ఈ ఉదాహరణ చిన్న కొండ గొప్పదని చూపిస్తుంది కానీ మొదటి రోజుకు మంచిదని చూపించదు.

మంచుమీటర్:
అక్కడ ఎత్తైనదారి గారితో ఏకీభవిస్తా. నా 24 చుట్ల లెక్క కూడా కార్పెట్ ఉన్న చోట నిలవదు.

గడ్డమంచు:
లిఫ్టుల మీదే కొట్టుకుంటున్నారు, మంచు మాటే లేదు. చిన్న కొండలు సాధారణంగా తక్కువ ఎత్తులో ఉంటాయి కాబట్టి చాలావాటికి గన్ మంచే (నీటిని చిమ్మి యంత్రంతో చేసే మంచు) దిక్కు. అప్పుడే పడ్డ సహజ మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలుంటే, గన్ మంచు 400 కిలోల పైమాటే. అది కరగకుండా ఎక్కువ రోజులు నిలుస్తుంది, కానీ రాత్రి గడ్డకట్టిందంటే పొద్దున్నే సిమెంటు గచ్చు.

గన్ నడవాలంటే చూడాల్సింది వెట్ బల్బ్ ఉష్ణోగ్రత (గాలిలో తేమను కూడా లెక్కలోకి తీసుకునే అంకె), మామూలు థర్మామీటరు అంకె కాదు. వెట్ బల్బ్ సుమారు మైనస్ 2 కిందికి రావాలి. గాలి బాగా పొడిగా ఉంటే సున్నా డిగ్రీల దగ్గర కూడా గన్లు ఆడతాయి. అదే తేమ నిండుగా ఉంటే మైనస్ 2లో కూడా వచ్చేది ముద్ద మంచే. చిన్న కొండకు చెరువూ చిన్నదే, పంపూ చిన్నదే. చలి రెండు రాత్రులే దొరికితే ఒక్క వాలు మీదే కొడతారు. కాబట్టి ముందు రోజు ఫోన్ చేసి "ఎన్ని వాలులు తెరిచారు" అని కాదు, "కొత్తవాళ్ల వాలు మీద గ్రూమింగ్ (మెషీన్‌తో మంచు చదును చేయడం) ఎన్ని గంటలకు చేశారు" అని అడగండి. సాయంత్రం, మంచు పూర్తిగా గట్టిపడక ముందే మెషీన్ తిప్పితే రాత్రంతా కుదురుకుని పొద్దుటికి సన్న చారలతో చక్కగా ఉంటుంది. గడ్డకట్టేశాక తిప్పితే పిడికెడు పిడికెడు గడ్డలు లేస్తాయి, కొత్తవాళ్ల స్కీ వాటి మీద ఎక్కి అడ్డం తిరుగుతుంది.

అందుకే గట్టి మంచు రోజున తెరవగానే వాలు మీదికి పరిగెత్తొద్దు. ఎండ తగిలే వాలైతే పదిన్నర, పదకొండుకు పై పొర మెత్తబడుతుంది. ఆ లోపు బూట్ల పని, చదును మీద నడక. మధ్యాహ్నం రెండు దాటాక మంచు గుట్టలు గుట్టలుగా పేరుకుంటుంది, కాళ్లూ అప్పటికే అలిసి ఉంటాయి. దెబ్బలు తగిలే వేళ అదే. మూడుకల్లా ఆపేయండి.

బూటుబకిల్:
ఏ కొండైనా సరే, బూటు సరిగ్గా లేకపోతే ఈ చర్చంతా దండగ. అద్దె కౌంటర్‌లో కొత్తవాళ్లు కాలు నొప్పని ఒక సైజు పెద్దది అడుగుతారు. అప్పుడు మడమ లేస్తుంది, బూటు తిరిగినా కాలు తిరగదు, స్కీ మాట వినదు. కొలత సెంటీమీటర్లలో ఉంటుంది: పాదం 26 సెంటీమీటర్లైతే 26 సైజే. అనుమానమొస్తే లోపలి మెత్తటి లైనర్ బయటికి తీసి, ఉత్త ప్లాస్టిక్ డిప్పలో పాదం పెట్టి, వేళ్లు ముందుకు తాకించండి. మడమ వెనక ఒక వేలు నుంచి రెండు వేళ్ల సందు ఉండాలి. మూడు పట్టిందా, పెద్దదే. లైనర్ పెట్టి నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తాకాలి, మోకాళ్లు వంచగానే వెనక్కి జరగాలి.

సాక్స్ ఒక్క జతే, పల్చటివి. రెండు జతలేస్తే వెచ్చగా ఉండదు, రక్తం ఆడక కాలు చల్లబడుతుంది. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి దూరితే కాలి ముందు ఎముక మీద గంటలో పుండు ఖాయం. ముందు మడమను నేలకేసి కొట్టి, చీలమండ దగ్గరి బకిల్ బిగించి, తర్వాత పైవి. వేళ్ల దగ్గరివి ఊరికే పెట్టి వదిలేయండి.

బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే, పడితే ఊడే బిగింపు) ఎంత గట్టిగా ఉండాలో ISO 11088 అనే అంతర్జాతీయ ప్రమాణం పట్టిక ప్రకారం పెడతారు: బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు. బరువు దగ్గర మొహమాటపడి తగ్గించి చెప్తే స్కీ అనవసరంగా ఊడుతుంది. తీరు దగ్గర గొప్పలు చెప్తే ఊడాల్సినప్పుడు ఊడదు, మోకాలు తిరుగుతుంది. తొమ్మిదేళ్లు, అంతకన్నా తక్కువ వయసువాళ్లకు, 50, ఆ పైవాళ్లకు పట్టికలో ఒక మెట్టు తగ్గిస్తారు. ఎనిమిదేళ్ల పాప వయసు తప్పకుండా చెప్పండి. బైండింగ్ టక్కుమని పట్టకపోతే నూటికి తొంభై సార్లు బూటు కింద మంచు ముద్ద అంటుకుని ఉంటుంది. పోల్ (చేతికర్ర) మొనతో గీకేసి మళ్లీ తొక్కండి.

(అంచు పదును కూడా చూడండి. బొటనవేలి గోరు అంచు మీద అడ్డంగా గీస్తే సన్న పొడి రాలాలి. జారిపోతే గట్టి మంచు మీద ఆ స్కీతో స్నోప్లో (స్కీ మొనలు దగ్గరగా, వెనకలు ఎడంగా పెట్టి ఆగడం) పనిచేయదు.)

ఎత్తైనదారి:
ఈ బూట్ల సంగతిలో మాత్రం చిన్న కొండకు ఒక పాయింటు ఇస్తా. పెద్ద చోట కౌంటర్ దగ్గర వెనక నలభైమంది నిలబడి ఉంటే రెండోసారి బూటు మార్చమని అడగడానికి నోరు రాదు.

తాడుపట్టు:
నా మటుకు తేల్చాల్సింది కొండ సైజు కాదు, కొత్తవాళ్ల వాలు చివర ఏముందో. అడుగున కనీసం 20, 30 మీటర్ల చదును ఉండాలి, వీలైతే కాస్త ఎదురు వాలు. అప్పుడు ఆగడం రాకపోయినా స్కీ దానంతటదే ఆగుతుంది. వాలు నేరుగా పార్కింగ్ కంచెలోకో, టీ-బార్ క్యూలోకో దిగుతుంటే చిన్న కొండైనా పెద్ద కొండైనా వద్దు. రెండోది, ఆ వాలు మీద వేరే దారి వచ్చి కలవకూడదు. ముందున్నవాడిదే దారి అని ఎఫ్‌ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) నియమం ఉంది కానీ, వేగంగా వచ్చే పదహారేళ్లవాడికి అది గుర్తుండాలిగా. ఈ రెండూ బాగుండి, కార్పెట్ గానీ పిడులున్న తాడు గానీ ఉంటే చిన్న కొండే. ఉత్త తాడు, గట్టి మంచు, చదును లేని అడుగు, మూడూ కలిస్తే పెద్ద చోటికే వెళ్లండి.

వాలుదారి:
బాగుంది. నేను చెప్పిన కొండ మ్యాపులో కింద చదును కనిపిస్తోంది, రోప్ టోకు పిడులు ఉన్నాయట. ఒక్కటే మిగిలింది: మధ్యాహ్నం టీ-బార్ ఎక్కాలంటే పెద్దవాళ్ల పక్కన ఎనిమిదేళ్ల పాపను ఎలా నిలబెట్టాలి? ఎత్తు తేడా ఎక్కువ కదా.

తాడుపట్టు:
మొదటి చుట్టు బాబుతో పంపండి, ఎత్తు తేడా తక్కువ. అతనికీ కొత్తే కాబట్టి ముందు పెద్దవాళ్లతో రెండు చుట్లు తిరిగొచ్చాకే. పెద్దవాళ్లతోనే తప్పదంటే బార్ పాప పిరుదుల కిందికి రావాలి, పెద్దవాళ్లకు అది మోకాలి వెనక తగులుతుంది. ఇబ్బందే, కానీ బార్ పాప నడుము మీదికి పోతే ముందుకు తోసి పడేస్తుంది. కూర్చోవద్దని పదిసార్లు చెప్పండి, అది కుర్చీ కాదు. కూర్చుంటే స్ప్రింగు సాగి ఇద్దరూ కింద. పోల్స్ రెండూ బయటి చేతిలో, లోపలి చేయి మధ్య కడ్డీ మీద. స్కీ మొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఓ జానెడు ఎడం.

పడితే వెంటనే బార్ వదిలేసి గాడిలోంచి పక్కకు దొర్లాలి, వెనక బార్ కొన్ని సెకన్లలోనే వస్తుంది. ఈ మాట కింద ఉండగానే పాప చేత రెండుసార్లు చెప్పించండి. పైన బార్ ఎవరు వదలాలో కూడా ముందే అనుకోండి: పాప ముందు పక్కకు జారిపోవాలి, పెద్దవాళ్లు బార్ పట్టుకుని ఉండి, గుర్తు దాటాక ఎదర మనిషి లేకుండా చూసి వదలాలి. మొదటిసారి లిఫ్ట్ మనిషికి చెయ్యెత్తి "కొత్త" అనండి, చిన్న కొండల్లో వేగం తగ్గించి ఎక్కిస్తారు.