వాట్స్ మై లైన్ లాంటి ఆట మన దగ్గర పెడితే గెస్ట్ ముఖ్యమా, ప్యానెల్ ముఖ్యమా?

హన్మకొండ కుర్రాడు:
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. యూట్యూబ్‌లో వాట్స్ మై లైన్ పాత ఎపిసోడ్లు చూస్తున్నా. 1950 నుంచి 1967 దాకా అమెరికాలో సీబీఎస్ టీవీలో వచ్చింది. వచ్చిన మనిషి ఏం పని చేస్తారో నలుగురు ప్యానెల్ వాళ్లు అవును, కాదు అనే జవాబులతోనే కనిపెట్టాలి, చివర్లో పేరున్న వ్యక్తి వస్తే మాత్రం కళ్లకు గంతలు. దసరా సెలవుల్లో మా కాలనీ హాల్లో ఇది పెడదామనుకుంటున్నాం. ఎవరైనా పెద్ద గెస్ట్ వస్తేనే జనం వస్తారని మావాళ్లు పట్టుబడుతున్నారు, నాకేమో ప్యానెల్ కుదరాలి అనిపిస్తోంది.

కాజీపేట జంక్షన్:
నువ్వన్నదే కరెక్ట్ తమ్మీ. అన్నేళ్లు జనం చూసింది ఆ ప్యానెల్ కోసమే. ఆర్లీన్ ఫ్రాన్సిస్ నటి, డొరొతీ కిల్గాలెన్ జర్నలిస్టు, బెన్నెట్ సెర్ఫ్ ర్యాండమ్ హౌస్ పబ్లిషర్, నాలుగో కుర్చీలో మనిషి మారుతుండేవారు. కిల్గాలెన్ గెలవాలనే ఆడుతుంది, ఒక్క ప్రశ్నతో సగం దారులు మూసేస్తుంది. ఫ్రాన్సిస్ అయితే బెరుకుగా వచ్చినవాళ్లను కూడా నవ్విస్తుంది. 1965 నవంబర్ 7 రాత్రి షోలో ఉన్న కిల్గాలెన్ మర్నాడే చనిపోయింది, ఆ తర్వాతి ఎపిసోడ్లలో ఆ పదును నాకు కనిపించదు. అందుకే ఒకే రకం మనుషులను నలుగురినీ కూర్చోబెట్టకు.

వేయిస్తంభాల వీధి:
ప్యానెల్ సరే, కానీ మామూలు గెస్టులను తక్కువ చేయొద్దు. 1963లో కేఎఫ్‌సీ చికెన్ వ్యాపారం చేసే కల్నల్ శాండర్స్ కూడా అలా మామూలు గెస్టుగానే వచ్చాడు. మనకేం తక్కువ చెప్పండి? ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు తూకం వేసే దడ్వాయి, కొత్తవాడలో దర్రీలు నేసే పెద్దమనిషి, పెంబర్తిలో ఇత్తడి పని చేసేవాళ్లు, రైలు నడిపే ఆడపిల్ల, వీళ్లు కూర్చుంటే ఏ ప్యానెల్‌కైనా చెమటలు పడతాయి. ఒకటే జాగ్రత్త, మీ కాలనీ వాళ్లను పిలిస్తే ముఖం చూడగానే చెప్పేస్తారు, బయటి నుంచి తెచ్చుకోండి.

పాత టీవీ పిచ్చి:
ఇద్దరూ యాంకర్‌ను మర్చిపోయారు. జాన్ డాలీ లేకపోతే ఆ ఆట సగం ఆగిపోయేది. చిత్రకారుడు సాల్వడార్ డాలి గెస్ట్‌గా వచ్చినప్పుడు దాదాపు ప్రతి ప్రశ్నకూ అవును అంటూ పోయాడు, యాంకర్ జాన్ డాలీ కల్పించుకుని సర్దాల్సి వచ్చింది. మన దగ్గర కూడా గెస్ట్ టెన్షన్‌లో తప్పు జవాబు చెప్తే, అది అలా కాదు అని మర్యాదగా సరిదిద్దే మనిషి మైక్ దగ్గర ఉండాలి. డబ్బు లెక్క చిన్నగానే పెట్టండి, అక్కడ ఒక్కో కాదుకు 5 డాలర్లు, పది కాదులు పడితే గెస్ట్ గెలిచినట్టు, మొత్తం 50 డాలర్లు.

హన్మకొండ కుర్రాడు:
థ్యాంక్స్ అన్నా. కాదు వస్తే ప్రశ్న అడిగే వంతు పక్కవాళ్లకు పోవాలి కదా, ఆ రూల్ ఉంచుతున్నాం. దడ్వాయి సంగతి మావాళ్లకు బాగా నచ్చింది, మార్కెట్‌లో తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.

వేయిస్తంభాల వీధి:
మా బాబాయి అక్కడే పని చేస్తాడు, అడిగి రేపు చెప్తా. గెస్ట్ పని ఏంటో జనానికి మాత్రం బోర్డు మీద రాసి ముందే చూపించండి, ప్యానెల్‌కు కనపడకుండా.